సిటీ లేని ఊరిలో పార్కు ఎవరిది? పన్ను రెండు చోట్ల ఎందుకు?

ప్రశ్న: కాలిఫోర్నియాలోని కాస్ట్రో వ్యాలీలో ఇల్లు కొన్నాం. ఆస్తి పన్ను బిల్లులో హేవర్డ్ ఏరియా రిక్రియేషన్ అని ఒక వరుస, ఈస్ట్ బే రీజినల్ పార్క్ అని మరొక వరుస ఉన్నాయి. పార్కుల కోసం రెండుసార్లు పన్ను కట్టించుకోవడం న్యాయమేనా? మా ఇంటి దగ్గరి పార్కులో కొంత స్థలం అమ్మేస్తారని ఇరుగుపొరుగు అనుకుంటున్నారు. మాకు గ్రీన్ కార్డు ఉంది కానీ పౌరసత్వం లేదు. ఈ విషయం అడిగే హక్కు మాకు ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అడిగే హక్కు మీకు పూర్తిగా ఉంది. ఓటు వేసే హక్కు మాత్రం లేదు. రెండు పన్నులూ చట్టబద్ధమైనవే. పార్కు స్థలం అమ్మకం ఇరుగుపొరుగు అనుకుంటున్నంత తేలిక కాదు. అయితే ఎందుకు తేలిక కాదో తెలియాలంటే ఈ పార్కు డిస్ట్రిక్టులు (జిల్లాలు కావు, పార్కుల కోసమే ఏర్పడిన స్థానిక ప్రభుత్వాలు) ఎలా పుట్టాయో ముందు చెప్పాలి. ఇక్కడ మీ హక్కులు ఆ చరిత్రలోంచే వచ్చాయి.

మొదటి విషయం, కాస్ట్రో వ్యాలీ సిటీ కాదు. సిటీగా ఏర్పడాలన్న ప్రతిపాదనను అక్కడి ఓటర్లు 2002లో తిరస్కరించారు. మీకు మేయర్ లేరు, సిటీ కౌన్సిల్ లేదు. ఊరి పాలన అలమీడా కౌంటీకి ఎన్నికైన బోర్డు సభ్యుల (సూపర్‌వైజర్ల) చేతిలో ఉంది. తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చినవారికి పార్కు అంటే మున్సిపాలిటీదో పంచాయతీదో అయి ఉంటుందన్న అలవాటు. అందుకే హేవర్డ్ ఏరియా రిక్రియేషన్ అండ్ పార్క్ డిస్ట్రిక్టును చాలామంది కౌంటీలో ఒక శాఖ అనుకుంటారు. అది శాఖ కాదు, తనంతట తాను ఒక స్థానిక ప్రభుత్వం. ఓటర్లు ఎన్నుకునే ఐదుగురు సభ్యుల బోర్డు దాన్ని నడుపుతుంది. తన పేరిట భూమి కొంటుంది, ఒప్పందాలు చేసుకుంటుంది, కోర్టులో దావా వేస్తుంది, దానిపైనా దావా వేయవచ్చు.

దాన్ని పుట్టించింది ఓటర్లే. 1944 డిసెంబరులో, రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియకముందే, హేవర్డ్ ప్రాంత ప్రజలు ఓటు వేసి ఈ డిస్ట్రిక్టును ఏర్పాటు చేసుకున్నారు. అప్పటి హేవర్డ్ చుట్టూ పండ్ల తోటలు, పండ్లను డబ్బాల్లో నిల్వ చేసే ఫ్యాక్టరీలు ఉండేవి. కాస్ట్రో వ్యాలీ, శాన్ లొరెంజో, చెర్రీలాండ్, ఆష్‌లాండ్ వంటి ఊళ్లు ఏ సిటీలోనూ లేవు, నేటికీ లేవు. సిటీ హద్దును పట్టించుకోకుండా హేవర్డ్‌నూ ఈ ఊళ్లనూ ఒకే గొడుగు కిందికి తేవడం వల్లే, సిటీ లేని పిల్లలకు కూడా ఈతకొలను, ఆటస్థలం దక్కాయి. నా దృష్టిలో అది ఎంతో విజ్ఞత గల నిర్ణయం. మీరు పిల్లలతో వెళ్లే పార్కు ఏదో అధికారి దయతో వచ్చింది కాదని దయచేసి గుర్తుంచుకోండి.

రెండో వరుసలోని ఈస్ట్ బే రీజినల్ పార్క్ డిస్ట్రిక్టు ఇంకో పదేళ్లు పెద్దది, దాని కథ వేరు. 1929లో మొకెలమ్నీ నది నీరు ఈస్ట్ బేకు, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పున ఉన్న ప్రాంతానికి, చేరింది. దాంతో నీటి సంస్థ చేతిలోని కొండ ప్రాంతపు పరీవాహక భూముల్లో వేల ఎకరాలు దానికి అవసరం లేకుండా పోయాయి. అవి ఇళ్ల స్థలాలుగా అమ్ముడుపోతాయని ప్రకృతి ప్రేమికులు, విద్యావేత్తలు, స్థానిక ప్రముఖులు కలత చెందారు. ఉద్యానవనాల రూపకల్పన చేసే ఓమ్‌స్టెడ్ బ్రదర్స్ సంస్థ, నేషనల్ పార్క్ సర్వీసుకు చెందిన ఆన్సెల్ హాల్ కలిసి 1930లో ఒక నివేదిక ఇచ్చారు. ఆ కొండలన్నిటినీ కలిపి ప్రజల ఉద్యానవనాలుగా మార్చవచ్చని అందులో చూపించారు. ఏ ఒక్క సిటీ చేయగలిగిన పని కాదు కాబట్టి, అనేక సిటీలను కలిపే డిస్ట్రిక్టు ఏర్పాటుకు 1933లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. 1934 నవంబరులో ఓటింగు జరిగింది. మహా ఆర్థిక మాంద్యం రోజులవి, ఉద్యోగాలు పోయి ఇళ్లు గడవడమే కష్టంగా ఉంది. అయినా ప్రతి 100 డాలర్ల ఆస్తి విలువకు 5 సెంట్ల కొత్త పన్నుకు 71 శాతం మంది ఒప్పుకున్నారు. 1936లో నీటి సంస్థ నుంచి తొలి భూములు కొన్నారు. ఇప్పుడు టిల్డెన్ పార్కు ఉన్నది ఆ భూముల్లోనే. మొదట అలమీడా కౌంటీలోని కొన్ని సిటీలకే పరిమితమైన డిస్ట్రిక్టులోకి 1950లలో మీ ప్రాంతం, 1964లో కాంట్రా కోస్టా కౌంటీలో అధిక భాగం చేరాయి. మీ ఊరి పక్కనున్న లేక్ షాబో, కల్ కాన్యన్ పార్కులు, ఫ్రీమాంట్‌లో తెలుగువాళ్లు వారాంతాల్లో ఎక్కే మిషన్ పీక్ కాలిబాట, అన్నీ దాని నిర్వహణలోనివే.

ఇక పన్ను సంగతి. వీధి చివరి ఆటస్థలం, ఈత తరగతులు ఒకరి బాధ్యత, కొండలు, చెరువులు, పొడవాటి కాలిబాటలు మరొకరి బాధ్యత. రెండు ప్రభుత్వాలు, రెండు సేవలు. ఒకే ఇల్లు రెండు డిస్ట్రిక్టుల హద్దుల్లో ఉండటాన్ని చట్టం అనుమతిస్తుంది.

కానీ బిల్లులో మీకు కనిపిస్తున్న ఆ రెండు వరుసలూ డిస్ట్రిక్టుల అసలు ఆదాయం కావు. 1978లో రాష్ట్ర ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 13 అనే ప్రతిపాదన మూల ఆస్తి పన్నును ఒక శాతానికి పరిమితం చేసింది. అప్పటినుంచి డిస్ట్రిక్టులు తమ పన్ను రేటు తామే నిర్ణయించుకునే అధికారం కోల్పోయాయి. ఆ ఒక శాతంలో స్కూళ్లు, కౌంటీ, డిస్ట్రిక్టులు పంచుకుంటాయి, ఎవరి వాటా ఎంతన్నది రాష్ట్ర చట్టం నిర్ణయిస్తుంది. ఆ పంపకం మీ బిల్లులో విడిగా కనిపించదు. విడిగా కనిపించేది బాండ్ల బాకీ, అంటే ఓటర్ల ఆమోదంతో డిస్ట్రిక్టు తెచ్చిన అప్పు. హేవర్డ్ డిస్ట్రిక్టు విషయంలో అది 2016లో ఓటర్లు ఆమోదించిన 25 కోట్ల డాలర్ల బాండు. రీజినల్ డిస్ట్రిక్టు విషయంలో 2008లో ఆమోదించిన 50 కోట్ల డాలర్ల బాండు అన్నిటికంటే పెద్దది. అందులో నాలుగో వంతు స్థానిక సిటీలకు, పార్కు డిస్ట్రిక్టులకే కేటాయించారు. ఇలాంటి పార్కు బాండుకు మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి. స్కూలు బాండ్లకు ఉన్న 55 శాతం సడలింపు దీనికి లేదు. ఆ డబ్బును స్థిరాస్తి కొనడానికో బాగుచేయడానికో మాత్రమే వాడాలి, జీతాలకు వాడకూడదు. మీరు ఇల్లు కొనకముందే ఓటింగు ముగిసినా బాకీ ఇంటితో పాటు మీకు వచ్చింది. ఆ బాండ్ల చెల్లుబాటును ఇప్పుడు కోర్టులో సవాలు చేసే గడువు కూడా ఎప్పుడో దాటిపోయింది. ఆ బాకీ కడుతున్న మనిషిగా లెక్క అడగడానికి మాత్రం గడువు లేదు.

భూమి అమ్మకం విషయంలో నాకు మీ ఆందోళన బాగా అర్థమవుతుంది. లేఅవుట్‌లో పార్కుకు వదిలిన జాగా కొన్నేళ్లకు ఎవరి పేరిటో మారిపోవడం హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ చూసి వచ్చినవాళ్లం. ఇక్కడ చూడవలసిన మొదటి కాగితం భూమి పత్రం. డిస్ట్రిక్టు నడిపే పార్కులన్నిటి కింది నేల దానిదే కానక్కర్లేదు. సిటీదో స్కూలు డిస్ట్రిక్టుదో అయి ఉండవచ్చు, అప్పుడు వర్తించే చట్టం మారుతుంది. నేల డిస్ట్రిక్టుదే అయితే, ఆ స్థలాన్ని పార్కు అవసరానికి అంకితం చేస్తూ బోర్డు ఎప్పుడైనా తీర్మానం చేసిందా అన్నది రెండో ప్రశ్న. అలా అంకితమైన స్థలాన్ని మామూలుగా ఓటర్ల మెజారిటీ ఆమోదం లేకుండా బదిలీ చేయకూడదు. కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కాబట్టి తీర్మానం పాఠం చదవకుండా ఎవరూ తుది మాట చెప్పలేరు. తీర్మానం లేకున్నా దారి పూర్తిగా మూసుకుపోదు. స్థలం అవసరం లేదని బోర్డు ప్రకటిస్తే, మిగులు భూముల చట్టం కింద పార్కుల సంస్థలకు, తక్కువ ఆదాయ కుటుంబాలకు ఇళ్లు కట్టేవారికి ముందుగా రాతపూర్వకంగా తెలపాలి. ఆసక్తి చెప్పడానికి వారికి 60 రోజులు ఇవ్వాలి.

ఇదంతా చీకట్లో జరగకుండా, స్థానిక బోర్డుల సమావేశాలు బహిరంగంగా జరగాలనే 1953 నాటి బ్రౌన్ చట్టం అడ్డుపడుతుంది. సాధారణ సమావేశం ఎజెండాను 72 గంటల ముందే బయటపెట్టాలి. భూమి ధర, చెల్లింపు షరతుల మీద బోర్డు తలుపులు మూసి చర్చించవచ్చు కానీ ఏ స్థలమో, ఎవరితో బేరమో ముందుగా చెప్పాలి. ఎజెండాలో అలాంటి చర్చ కింద మీ పార్కు చిరునామా కనిపిస్తే అమ్మకం మాట వట్టి పుకారు కాకపోవచ్చు. ఆ అంశం మీద మాట్లాడే అవకాశం ప్రజలకు ఇవ్వాలి. మీరు పౌరులా కాదా అని అడగరు. సమావేశంలో కూర్చోవడానికి పేరు నమోదు చేసుకోవాలని కూడా బలవంతపెట్టకూడదు. వీసా మీద ఉన్నవారైనా, అద్దెకు ఉంటున్నవారైనా, మీ దగ్గరికి వచ్చిన అత్తగారైనా నిలబడి మాట్లాడవచ్చు.

ఓటు దగ్గర మాత్రం దయచేసి చాలా జాగ్రత్తగా ఉండండి. పార్కు బోర్డు ఎన్నిక చిన్నదే కదా అనుకోవద్దు. గ్రీన్ కార్డు ఉన్నవారు ఆ బ్యాలెట్ వేయకూడదు, ఓటరుగా నమోదు కూడా కాకూడదు. చట్టవిరుద్ధంగా ఓటు వేయడం, పౌరులమని తప్పుగా ప్రకటించుకోవడం దేశం నుంచి పంపించివేయడానికి దారితీయగల కారణాలు. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులో పౌరసత్వం ప్రశ్నకు తొందరలో అవునని టిక్కు పెట్టి పౌరసత్వ దరఖాస్తు సమయంలో చిక్కుల్లో పడినవారు ఉన్నారు. పొరపాటున మీ పేరు నమోదైందని తెలిస్తే, ఏమీ రాసి ఇవ్వకముందే ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని కలవండి.

ఈ వారం మీరు చేయగల పని ఒకటుంది. డిస్ట్రిక్టు కార్యాలయానికి పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద ఒక ఈమెయిలు పంపండి. పార్కు పేరు, చిరునామా రాసి, ఆ స్థలం యాజమాన్య పత్రం, అంకితం చేసిన తీర్మానం ఏదైనా ఉంటే దాని ప్రతి, దాన్ని మిగులు భూమిగా ప్రకటించే ప్రతిపాదనకు సంబంధించిన కాగితాలు అడగండి. కారణం చెప్పనక్కర్లేదు. మీరు అడిగిన రికార్డులు ఇవ్వగలరో లేదో వారు 10 రోజుల్లో తెలపాలి, ప్రత్యేక పరిస్థితుల్లో ఇంకో 14 రోజులు తీసుకోవచ్చు. ప్రతుల ఖర్చు తప్ప వెతికినందుకు రుసుము సాధారణంగా అడగకూడదు. ఆ కాగితాలు చేతికొచ్చాక కాలిఫోర్నియాలో స్థానిక ప్రభుత్వ చట్టాలు తెలిసిన న్యాయవాదికి చూపించండి. ఈలోగా ఎజెండాలో స్థలం పేరు వస్తే, కాగితాల కోసం ఆగకుండా ఆ సమావేశానికే వెళ్లండి.