ఊటీ రూములకి డబ్బులు కట్టేముందు ఇది చదువమ్మాయ్

అమ్మాయ్ బుజ్జీ,

నిన్న నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ప్లాన్ మీ అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని మరీ గట్టిగా చదివి వినిపించింది. గుంటూరు నించి కార్లో బెంగళూరు, మైసూరు, ఊటీ, కొడైకెనాల్, వచ్చేప్పుడు ఎలాగూ దారే కదా అని తిరుపతి, మొత్తం తొమ్మిది రోజులు. పెద్దదానికి ఐదున్నరేళ్ళు, బుడ్డోడికి ఏడాదిన్నర. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి నా వంక ఒక చూపు చూసిందే, ముప్పై ఏళ్ళు దాటినా ఆ చూపులో వేడి తగ్గలేదు. అదెందుకో చెప్తా, విన్నాక నీ ఇష్టం.

1991 వేసవిలో మేం పదకొండు రోజుల టూరు వేశాం. రైల్వే పాసు ఉందిగా, ఊరికే వస్తోందంటే మనిషికి ఆశ ఆగదు, మద్రాసు, మదురై, రామేశ్వరం, కన్యాకుమారి, కొడైకెనాల్ అన్నీ కాయితం మీద రాసి గంటలు నిమిషాలతో సహా టైంటేబుల్ వేశా, టీసీ బుద్ధి ఎక్కడికి పోతుంది. మీ బావకి నాలుగేళ్ళు, చిన్నదానికి రెండు. మూడో రోజుకల్లా మదురైలో చిన్నదానికి విరేచనాలు పట్టుకున్నాయి, అయినా నేను టైంటేబుల్ వదల్లేదు. కన్యాకుమారిలో సూర్యోదయం చూపించాలని తెల్లారుజామున నాలుగున్నరకి లేపి తలో పిల్లని భుజాన వేసుకుని పోతే వాళ్ళిద్దరూ భుజం మీదే నిద్ర, సూర్యుడు మబ్బు చాటున నిద్ర, మెలకువగా ఉన్నది మేమిద్దరమే, అదీ మాటామాటా లేకుండా. అత్తయ్య ఆ పదకొండు రోజులూ లాడ్జి బకెట్లలో పిల్లల గుడ్డలు ఉతికింది, గోపురాల కన్నా బకెట్లే ఎక్కువ చూశాను అని ఇప్పటికీ దెప్పుతుంది. మీ బావ నలభైకి దగ్గర పడ్డాడు కదా, మొన్న అడిగితే ఆ ట్రిప్పులో వాడికి గుర్తున్నది ఒకటే ఒకటి, మదురై లాడ్జి బాత్రూంలో కప్ప. కప్పే కావాలని ముందే తెలిస్తే ఏలూరు కాలవ గట్టున చూపించేవాణ్ణి కదమ్మా, పాసు మిగిలేది.

అందుకని నేను చెప్పేది ఏంటంటే, ఈ వయసు పిల్లలతో ఊళ్ళు లెక్కపెట్టకు. ఒక ఊరు, మహా అయితే రెండు, ఒక్క రూములో కనీసం మూడు రాత్రులు. వాళ్ళకి కొత్త ఊరికన్నా కొత్త మంచం పెద్ద విషయం, మొదటి రాత్రి ఏడుస్తారు, రెండో రాత్రి అలవాటు పడతారు, సరిగ్గా అప్పుడు మనం సామాను సర్దేస్తాం. నీ ప్లాన్‌లో తొమ్మిది రోజులకి ఆరు మంచాలున్నాయి, నేను వేళ్ళ మీద లెక్కపెట్టా.

ఇంకోటి, కారు. గుంటూరు నించి బెంగళూరే ఆరొందల పైచిలుకు కిలోమీటర్లు, అల్లుడు బాగానే నడుపుతాడు, కాదన్ను, కానీ వెనక సీట్లో నీ ఒళ్ళో ఒకడు, పక్కన ఒకతి, పన్నెండు గంటలు. ఆ పైన ఘాట్ రోడ్డు. పెద్దది పోయినేడు తిరుమల కొండెక్కేప్పుడే రెండుసార్లు కక్కిందని మీ అమ్మ చెప్పింది. ఊటీ, కొడై రెండింటికీ 2024 మే నించి బండికి ఈ-పాస్ ఉండాలి, మద్రాసు హైకోర్టు పెట్టిన రూలు, 2025లో అయితే ఏప్రిల్ నించి జూన్ దాకా ఊటీకి మామూలు రోజుల్లో 6 వేల బళ్ళు, శని ఆదివారాల్లో 8 వేలు అని లెక్క కూడా కట్టారు. అల్లుడికి ఈ సంగతి తెలుసో లేదో కనుక్కో. తెలియకపోతే నేను చెప్పానని చెప్పకు.

మరి ఎక్కడికి పొమ్మంటావు మావయ్యా అంటావు. వైజాగ్ పో, మధ్యలో ఒక్క రాత్రి అరకులో ఉండు, ఐదు రోజుల్లో తిరిగొచ్చెయ్. రైల్లో పో. రైలు ఎందుకంటే పిల్లలు నడవొచ్చు, పడుకోవచ్చు, బాత్రూం ఉంది, కిటికీలో అన్నీ కదుల్తుంటాయి. రత్నాచల్ బెజవాడలో పొద్దున ఆరింటికి అటూ ఇటూగా బయల్దేరుతుంది, మధ్యాహ్నానికల్లా వైజాగ్, రాజమండ్రి దగ్గర గోదారి బ్రిడ్జి వస్తుందనగా పెద్దదాన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టు, ఆ పిల్లకి ఆ ఒక్క బ్రిడ్జి చాలు నెల రోజులు కబుర్లు చెప్పడానికి. రిజర్వేషన్ ఇదివరకటిలా 120 రోజుల ముందు కాదు, 2024 నవంబరు నించి 60 రోజులే, పొద్దున ఎనిమిదింటికి తెరుస్తారు, సెలవుల్లో టికెట్లు ఆ పూటే అయిపోతాయి. ఐదేళ్ళలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు కాబట్టి బుడ్డోడు ఫ్రీ, ఐదు దాటిన పిల్లకి సీటు గానీ బెర్తు గానీ కావాలంటే పెద్దవాళ్ళ ఛార్జీయే, అయినా సరే తీస్కో, ఒళ్ళో ఇద్దర్ని పెట్టుకుని ఆరు గంటలు కూర్చోలేవు. నా సర్వీసులో ఆ డబ్బులు మిగుల్చుకుని వైజాగ్ దిగేసరికి మొగుడూ పెళ్ళాం కొట్టుకున్న కేసులు బోలెడు చూశా.

రైల్లో రెండే రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి కిటికీ రెక్క, ఏసీ లేని పెట్టెల్లో పైకెత్తి క్లిప్ పెడతారు చూడు, ఆ క్లిప్ సగం పడితే పడినట్టే కనపడుతుంది, బండి కుదుపుకి రెక్క దబ్బున జారుతుంది, సరిగ్గా అప్పుడే పిల్లల వేళ్ళు అంచు మీద ఉంటాయి. కూర్చోగానే రెక్కని కిందకి ఒకసారి గట్టిగా లాగి చూడు, దిగకపోతేనే పిల్లని అక్కడ కూర్చోబెట్టు. రెండోది మొగుళ్ళు. బండి ఆగిందంటే చాలు వాటర్ బాటిల్ అనో సమోసాలనో దిగేస్తారు. ఒకసారి ఒకాయన పాలు కాచి తెస్తానని దిగాడు, బండి కదిలింది, ఈవిడ దగ్గర ఇద్దరు పిల్లలు, ఆరు శాల్తీల సామాను, పర్సూ ఫోనూ ఆయన జేబులోనే. తర్వాత స్టేషన్లో దింపి కూర్చోబెట్టి ఆయన వెనక బండిలో వచ్చేదాకా కనిపెట్టుకునుండాల్సి వచ్చింది. అల్లుణ్ణి దిగనివ్వకు, దిగినా నీ దగ్గర కొంచెం డబ్బూ నీ ఫోనూ ఉంచుకో. ఏం కావాల్సొచ్చినా రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చెయ్యి.

వైజాగ్‌లో రూము బీచ్ కనపడేది అక్కర్లేదు, బీచ్‌కి దగ్గరైతే చాలు. సోమవారం మాత్రం చూస్కో, సబ్‌మెరైన్ మ్యూజియం, జూ రెండూ ఆ రోజు మూసేస్తారు. ఆ సబ్‌మెరైన్ కుర్సురా అని నిజంగా నేవీలో పనిచేసిందే, 2002లో ఒడ్డుకి లాక్కొచ్చి పెట్టారు, లోపల దారి ఇరుకు, బుడ్డోణ్ణి చంకన వేసుకుని వంగి వెళ్ళాలి, పెద్దదానికి మాత్రం పండగే. ఆర్కే బీచ్‌లో నీళ్ళలోకి దింపకండి, అల లోపలికి గుంజుతుంది, చీలమండ తడిస్తే చాలు, మిగతా సరదా ఇసకలో. ఒక ప్లాస్టిక్ గిన్నె, ఒక గరిటె పట్టుకెళ్ళు, బొమ్మల షాపులో ఏమీ కొనక్కర్లేదు.

అరకుకి పొద్దున ఏడులోపు బయల్దేరే కిరండూల్ బండి ఉంది, దానికే అద్దాల పెట్టె తగిలిస్తారు, సీట్లు తక్కువ కాబట్టి ముందే చూస్కోవాలి. ఆ లైన్ మొత్తం మీద 58 సొరంగాలు, ప్రతి దాంట్లోనూ పెట్టెలో ఉన్న పిల్లలందరూ ఒకేసారి అరుస్తారు, పెద్దాళ్ళు కూడా అరుస్తారు అనుకో. బొర్రా గుహలు ఈసారికి వదిలెయ్, మెట్లు ఎక్కువ, తడి, బుడ్డోడు నడవడు, మోసేది ఎవరో నాకు తెలుసు. పద్మాపురం గార్డెన్, గిరిజన మ్యూజియం చూసి రూముకొచ్చి పడుకోండి. మధ్యాహ్నం ఒంటి గంట నించి నాలుగు దాకా ఏ ఊళ్ళో ఉన్నా రూములోనే, పిల్లలు ఆ టైంలో ఇంటి దగ్గర పడుకుంటే అక్కడా పడుకోవాలి, ఆ ఒక్క నిద్ర తప్పితే సాయంత్రం ఏం చూపించినా ఏడుపే. అది వాళ్ళ మొండితనం కాదు, నిద్ర.

ఎప్పుడు అంటావా, బళ్ళకి సెలవులిచ్చిన మొదటి వారంలోనే, ఏప్రిల్ ఆఖర్న. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మనుషుల సంగతి చెప్పక్కర్లేదు, పైగా వైజాగ్‌లో ఎండ మనకన్నా తక్కువైనా ఉక్క ఎక్కువ.

తిండి సంగతి అత్తయ్య చెప్పమంది చెప్తున్నా. పెరుగన్నం చేసేప్పుడు పెరుగు కలపకు, మెత్తగా ఉడికిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు ఎక్కువ పోసి రెండు చెంచాల పెరుగు తోడు కలిపి పొద్దున్నే డబ్బాలో పెట్టు, మధ్యాహ్నానికి పుల్లబడకుండా సరిగ్గా తోడుకుంటుంది. మేం ఆ 1991లో స్టీలు క్యారేజీలో మామూలు పెరుగన్నం పెట్టుకుపోయాం, గూడూరు వచ్చేసరికి మూత తీస్తే పక్క కూపేవాళ్ళు కూడా లేచి వెళ్ళారు. ఇడ్లీలకి నెయ్యి కారప్పొడి రాసి పట్టుకెళ్ళు, సున్నుండలు, మరమరాలు, అంతే. కోసిన మామిడిపండు వద్దు, అరటిపండు మంచిది. పెద్దదానికి ప్రయాణం ముందు పాలు పట్టకు, కడుపు నిండా పెట్టకు, ఖాళీగానూ ఉంచకు, కారెక్కితే ఎదర రోడ్డు కనపడేట్టు కూర్చోబెట్టు, ఫోన్ చేతికియ్యకు. ఆ కక్కుడు సగం ఆ ఫోన్ వల్లే.

మందుల్లో పారాసిటమాల్ సిరప్ ఉంచుకో, పిల్లల బరువుకి ఎన్ని ఎంఎల్లో మీ డాక్టరు చేత రాయించుకుని ఆ కాయితం బాటిల్‌కే చుట్టు. ఓఆర్ఎస్ అంటే పొడి ప్యాకెట్ కొను, పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి ఒక లీటర్ కాచి చల్లార్చిన నీళ్ళలో కలపాలి, సగం గ్లాసులో సగం ప్యాకెట్ అని కొలతలు వెయ్యకు, కలిపింది ఒక రోజు దాటితే పారబొయ్యి. అట్టపెట్టెల్లో తియ్యటి జ్యూసులకి ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్మేవాళ్ళు చూశావా, హైదరాబాద్ పిల్లల డాక్టరమ్మ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోట్లాడితే 2025 అక్టోబరులో ఫుడ్ సేఫ్టీ వాళ్ళు ఆ పేరు వాడొద్దన్నారు. షాపువాడు పాత సరుకు ఇస్తే తీసుకోకు. పిల్లాడు ఆరేడు గంటలు ఉచ్చ పొయ్యకపోయినా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా ఇంక ట్రిప్పు సంగతి మర్చిపోయి ఆస్పత్రికి పో.

ఒక పని చెయ్యి, రోజూ పొద్దున రూములోంచి బయటకి వచ్చేముందు ఇద్దరికీ ఒక ఫొటో తియ్యి. ముద్దుకి కాదు. పిల్ల తప్పిపోయినప్పుడు పోలీసు అడిగే మొదటి ప్రశ్న ఏం గౌను వేసుకుంది అని, ఆ క్షణంలో ఏ తల్లికీ గుర్తు రాదు, నేను ప్లాట్‌ఫారం మీద ఎంతమందిని చూశానో. ముంజేతి మీద బాల్‌పెన్‌తో నీ నెంబరు రాసెయ్, చెమటకి చెరిగితే మళ్ళీ రాయి. స్టేషన్లో అయితే ముందు ఆర్పీఎఫ్, అంటే రైల్వే రక్షణ దళం వాళ్ళ దగ్గరికి పరిగెత్తు, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నెంబరు ఫోన్లో వేసి పెట్టుకో. అక్కడ కారు మాట్లాడుకున్నా సరే రెండు నిమిషాలకని పిల్లల్ని లోపల వదిలి దిగొద్దు, ఇంటి దగ్గర కారు కూడా తాళం వేసే ఉంచమను, 2025 మేలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆడుకుంటూ కారెక్కిన నలుగురు పిల్లలు తలుపులు పడిపోయి ఊపిరాడక పోయారు, ఆ వార్త చదివి అత్తయ్య రెండు రోజులు అన్నం తినలేదు.

అన్నిటికన్నా ముందు ఒక ట్రయల్ వేసుకో. ఒక ఆదివారం నాలుగున్నరకి బయల్దేరి సూర్యలంక పొండి, గుంటూరు నించి అరవై కిలోమీటర్లు అటూ ఇటూగా, తెల్లారేసరికి బీచ్‌లో ఉంటారు, ఎండ ముదిరేలోపు బాపట్లలో టిఫిన్ చేసి పదింటికల్లా ఇంట్లో. ఎవరు కక్కారు, ఎవరు ఇసక తిన్నారు, సంచిలో ఏం మర్చిపోయావు, అల్లుడు ఎంతసేపటికి విసుక్కున్నాడు, అన్నీ ఆ ఐదు గంటల్లో తేలిపోతాయి. విసుక్కున్నాడనుకో, వైజాగ్‌లో రోజూ సాయంత్రం రెండు గంటలు ఇద్దరు పిల్లలూ ఆయన డ్యూటీ అని ముందే చెప్పెయ్. నువ్వు ఆ రెండు గంటలూ తలుపేసుకుని పడుకో. 1991లో నాకు ఆ బుద్ధి లేకపోయింది.

రత్నాచల్ తెల్లారే కాబట్టి ముందురోజు రాత్రే బెజవాడ సత్యనారాయణపురంలో మా ఇంటికి వచ్చెయ్యండి, డాబా మీద పక్కలేస్తాం, నేను స్టేషన్‌కొచ్చి ఎక్కిస్తా. ఊటీ రూములకి అడ్వాన్స్ కట్టేశారా లేదా ముందు అది చెప్పు. కట్టకపోతే పిల్లల పేర్లు, వయసులు రాత్రికే పంపించు, రేపు ఎనిమిదింటికి నేనే కూర్చుంటా. పెద్దది ఆషాఢంలో పుట్టిందని అత్తయ్య, శ్రావణంలో అని నేను, నీ ఫోన్ వచ్చేదాకా ఇంట్లో ఇదే గొడవ.

మీ మావయ్య