ఉమ్మడం అక్కడ మర్యాదే

సంక్రాంతికి పర్లాకిమిడి వచ్చినప్పుడల్లా, విదేశానికి మూటాముల్లె సర్దుకున్న కుర్రవాళ్లు ఎవరో ఒకరు మా అరుగెక్కుతారు. ఈసారి వీధి చివరి ఇంటి అబ్బాయి. ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కు ప్రయాణం. అద్దె గురించో, ఉద్యోగం గురించో అడుగుతాడనుకుంటే గొంతు తగ్గించాడు.

"మామయ్యా, అక్కడ అందరూ కలిసి బరోసా లోయకు వైను రుచి చూడటానికి వెళతారట. తాగనంటే ఏమైనా అనుకుంటారా?"

లోపల వాళ్లమ్మ మా ఆవిడతో మాట్లాడుతోంది మరి.

ఏమీ అనుకోరు. నువ్వు మాత్రం వెళ్లు. నువ్వు దిగేసరికి ద్రాక్ష కోతలు మొదలవుతాయి, గంట ప్రయాణమే. రుచి చూపించే గదిని సెల్లార్ డోర్ అంటారు. గ్లాసు అడుగు తడిసేంత పోస్తారు. వాసన చూసి, ఒక గుక్క పుక్కిలించి, బల్ల మీది పాత్రలో ఉమ్మేయవచ్చు. మొదటిసారి ఆ పాత్రను చూసి కిళ్లీ వేసుకునేవాళ్ల కోసం పెట్టారనుకున్నాను! ఆ వృత్తిలో ఉన్నవాళ్లే ఉమ్ముతారు, నీకెందుకు మొహమాటం? అసలు నోట పెట్టకపోయినా నష్టం లేదు. కారు నడిపేవాడివి నువ్వే అయితే అందరికీ ఆప్తుడివి. కొత్తగా లైసెన్సు తీసుకుని పి పలక తగిలించుకున్నవాళ్ల రక్తంలో మద్యం సున్నా ఉండాలి. పూర్తి లైసెన్సుకు 0.05 శాతం లోపు. శాకాహారివైతే ఇంకో మాట: కొన్ని వైన్లను గుడ్డు తెల్లసొనతో తేటపరుస్తారు, అడిగి తీసుకో.

ఒక రోజుకు రెండు చోట్లు చాలు. ఆరు తిరిగినవాళ్లకు సాయంత్రానికి ఏదీ గుర్తుండదు.

ఫోటో కోసం ద్రాక్ష వరుసల్లోకి మాత్రం దిగవద్దు. మా ఆవిడ బరంపురం పట్టుచీర కట్టుకుని తీగల మధ్య నిలబడితే తోట యజమాని పరుగెత్తుకొచ్చి కేకలేశాడు. తెల్లవాళ్ల పొగరు అనుకున్నాను. కాదు, భయం. ఫిలోక్సెరా అనే పేనులాంటి పురుగు వేళ్లను పీల్చి తోటలను చంపేస్తుంది, బూట్ల మట్టితో కూడా వస్తుంది. 19వ శతాబ్దంలో ఫ్రాన్సును దెబ్బతీసిన ఆ పురుగు దక్షిణ ఆస్ట్రేలియాలో అడుగుపెట్టలేదు. 1843లో నాటినవని చెప్పే షిరాజ్ రకం ద్రాక్ష తీగలు అక్కడ ఇంకా కాపు కాస్తున్నాయి.

ఆ లోయలోనే సెపెల్ట్స్‌ఫీల్డ్ దారి పొడవునా మన ఈత చెట్లకు పెద్దన్నల్లాంటి చెట్లుంటాయి. మనవాళ్ల మొదటి ప్రశ్న, "కల్లు తీస్తారా?" తీయరు. 1930ల మాంద్యంలో కూలీలకు పని పోకుండా నాటించారట.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఊళ్ల కథ. 1842లో మతం కోసం ప్రష్యా వదిలి వచ్చిన జర్మన్లు బరోసాలోని బెథనీలో దిగారు. ఇంట్లో, చర్చిలో వాళ్ల భాషే. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా 1917లో వాళ్ల బడులు మూయించారు, ఆ తర్వాత ఊళ్ల పేర్లు మార్చేశారు. అది విన్నప్పుడు మా తాతగారు గుర్తొచ్చారు. 1936 ఏప్రిల్ 1న మన పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్లింది. తెలుగు ఇంట్లోనే ఉండిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు గుసగుసల గోడ దగ్గర ఆగు. వంపు తిరిగిన పాత ఆనకట్ట, టికెట్టు లేదు. ఒక కొసన మెల్లగా మాట్లాడితే 140 మీటర్ల అవతల రెండో కొసన స్పష్టంగా వినిపిస్తుంది.

వాళ్లమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఏమిటన్నయ్యా, ఇద్దరూ అంత గుసగుసలాడుతున్నారు?"

"గోడ గురించమ్మా" అన్నాను.