గేదెలు ఈసుకుపోతే ఎండను తిట్టకండి

ప్రశ్న: మా 6 గేదెల్లో 2 చూడి ఏడో నెలలో ఈసుకుపోయాయి (కడుపు పోయింది). ఎండదెబ్బ అనుకున్నాం. రక్త పరీక్షలో బ్రూసెల్లా (ఈసుడు రోగం తెచ్చే సూక్ష్మజీవి) పాజిటివ్ వచ్చింది. రెండు నెలల కిందటే అన్నింటికీ ఈసుడు రోగం టీకా వేయించాం. ఇప్పుడు డీఎన్ఏ పరీక్ష కూడా చేయించమంటున్నారు, అవసరమా? మందుల షాపులో యాంటీబయాటిక్ కోర్సు ఇచ్చారు. అదే కొట్టంలో మేకలు కూడా ఉన్నాయి.

జవాబు: ఎండ సంగతి వదిలేయండి. "అన్నింటికీ టీకా" అన్న మాట దగ్గరే నా అనుమానం. ఈసుడు రోగానికి వేసే ఎస్-19 టీకాలో ఉండేది బతికున్న బ్రూసెల్లా జీవే. దాన్ని 4–8 నెలల పెయ్యదూడలకు, జీవితంలో ఒక్కసారే వేయాలి. చూడి గేదెకు వేస్తే ఆ టీకాతోనే ఈసుకుపోవచ్చు. చూడి గేదెలకు ఎవరు వేయమన్నారో గానీ, పెద్ద తప్పు చేయించారు.

రక్త పరీక్షలో సీరం చుక్కలో గులాబీ రంగు ద్రవం కలిపి, 4 నిమిషాల్లో రవ్వలా విరుగుతుందేమో చూస్తారు. తెలిసేది యాంటీబాడీలు (ఆ జీవిని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యేవి) ఉన్నాయనే. బ్రూసెల్లాలో పశువులకు వచ్చే రకం అబార్టస్, మేకలకు వచ్చే రకం మెలిటెన్సిస్, లేదా టీకా జీవి, వీటిలో దేనివల్ల వచ్చాయో ఆ పరీక్ష తేల్చలేదు. మూడింటి పైపొర దాదాపు ఒకటే మరి.

డీఎన్ఏలోనూ ఇవి 90 శాతానికి పైగా ఒకటే. తేడా ఉన్న కొద్ది ముక్కలనే పీసీఆర్ (మీకు చెప్పిన డీఎన్ఏ పరీక్ష) పెంచి, గీతలుగా చూపిస్తుంది. ఎస్-19లో దాదాపు 700 డీఎన్ఏ అక్షరాల ముక్క ఊడిపోయి ఉంటుంది, అందుకే దానికి ఒక గీత తగ్గుతుంది. కాబట్టి పరీక్ష అవసరమే. టీకా జీవే అని తేలితే గేదెలను తెగనమ్మాల్సిన పని లేదు. మెలిటెన్సిస్ అయితే ముందు మేకలన్నింటికీ రక్త పరీక్ష చేయించాలి. అసలు అబార్టస్ అయితే పాజిటివ్ పశువులను మందలో ఉంచకూడదు, సంతకు తోలకూడదు.

ఈసుకుపోయిన దూడ పొట్టలోని ద్రవం, మాయ ముక్క మంచి నమూనాలు. పూడ్చేసి ఉంటే పశువైద్యుడితో యోని స్రావం, పాలు తీయించి, ఐస్‌లో పెట్టి 24 గంటల్లో ల్యాబ్‌కు చేర్చండి. పాలలో నెగెటివ్ వచ్చినంత మాత్రాన రోగం లేదనుకోకండి, ఈ జీవి పొదుగులో, గ్రంథుల్లో దాక్కుంటుంది.

అందుకే ఆ యాంటీబయాటిక్ కోర్సు ఆపేయండి. దాంతో పశువులో ఈ రోగం పోదు, పైగా నమూనా పాడవుతుంది. షాపతను అమ్మేది సీసా, చూసింది మీ గేదెను కాదు.

ఈ రోగం, టీకా జీవి కూడా, మనుషులకూ సోకుతుంది. మాయను చేతి తొడుగుల్లేకుండా ముట్టకండి. పాలు పొంగేదాకా కాచే తాగండి. టీకా వేసినతనికి సూది గుచ్చుకుందేమో అడగండి. జ్వరం, కీళ్లనొప్పులు ఉంటే డాక్టరుకు ఈ టీకా పేరు చెప్పమనండి.