చావు గురించి నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందా?

బెంగళూరులో ఉన్న మీ తమ్ముడు "నేను లేకపోతే మీకే హాయి" అంటున్నాడని రాశారు. నేరుగా అడిగితే మీరే ఆ ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని మీ భయం. అలా పుట్టదు, అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని అపోహ అనే అంటుంది.

నేను మారతహళ్లిలో ఆంధ్రా పీజీ హాస్టల్లో ఉన్నప్పుడు మా రూమ్మేట్ ఉద్యోగం పోయింది. పైగా లోన్ యాప్ అప్పులు, ఇంట్లో ఎవరికీ తెలియదు. తిండి తగ్గించాడు, నిద్ర లేదు, అది టెన్షనే అనుకోవచ్చు. కానీ ఒకరోజు బండి తాళం ఇంకొకడికిచ్చి "ఇక నువ్వే వాడుకో" అన్నాడు. అప్పుడు అడిగేశాను, "ఏరా, చచ్చిపోవాలనిపిస్తోందా?" అని. "పిచ్చి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అని అడిగితే ఎవడైనా లేవనే అంటాడు. వాడు కాసేపాగి "రోజూ అనిపిస్తోంది" అన్నాడు. "అమ్మానాన్నల గురించి ఆలోచించావా?" అన్న మాట మాత్రం నా నోటి దాకా వచ్చినా అనలేదు. తానే ఇంటికి భారమనుకునేవాడి నెత్తిన అది ఇంకో మూట.

హోసూరు రోడ్డులోని నిమ్‌హాన్స్ అనే మానసిక వైద్య ఆసుపత్రికి తీసుకెళ్లాను. చీటీ, క్యూ, పొద్దంతా పట్టింది, ఓపిక పట్టాలి. రాయలసీమ నుంచి ఎంతమంది వస్తారో అక్కడికి! తెలుగు మాట్లాడేవాళ్ల కోసం పెద్దగా వెతుక్కోనక్కర్లేదు. అసలు తంటా ఇంటివాళ్లతోనే వచ్చింది. "పిచ్చాసుపత్రికి తీసుకెళ్లావా? రేపు పిల్లనెవరిస్తారు?" అన్నారు వాళ్ల నాన్నగారు. ఆయన్ని తప్పుపట్టను, మన ఊళ్లలో పరువు లెక్క అలాగే నడుస్తుంది. తిరుమల తీసుకెళ్లి గుండు చేయిస్తామన్నారు. చేయించండి, మందు మాత్రం ఆపకండి అన్నాను. డిప్రెషన్ మందులు పనిచేయడానికి వారాలు పడుతుంది. చాలామంది అంతకుముందే మానేస్తారు.

పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి వెళ్లని కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి. ఆ ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీలోని 309 సెక్షన్ కూడా 2024 జులై 1 నుంచి లేదు.

"పిరికివాడు", "ఒక్క పరీక్ష పోతేనే ఇంతపనా" అనే మాటలు నాకు నచ్చవు. ఎప్పుడూ ఒక్క కారణమే ఉండదు. 2022లో దేశంలో నమోదైన 1,70,924 ఆత్మహత్యల్లో దాదాపు సగానికి కారణంగా రాసింది కుటుంబ సమస్యలు, అనారోగ్యం. ఆ రెండు మాటల వెనకే అప్పు, తాగుడు, గుర్తించని డిప్రెషన్, చెప్పుకునే దిక్కులేకపోవడం చాలాసార్లు కలిసి ఉంటాయి.

ఇప్పుడు మీ సంగతి. ఈ రాత్రే మాట్లాడండి. అవునంటే ఒంటరిగా వదలకండి. ప్రమాదం అనిపించే వస్తువులు, మిగిలిన మాత్రలు గదిలోంచి తీసేయండి. ఆ ఉధృతి చాలామందిలో కాసేపే ఉంటుంది, ఆ కాసేపు గడవాలి. 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022లో మొదలైంది, ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. మీరు చేసినా పర్లేదు, వాడే చేయాలని లేదు. పరిస్థితి చేయిదాటుతోందనిపిస్తే 112, లేదా నేరుగా నిమ్‌హాన్స్ ఎమర్జెన్సీకి వెళ్లండి, రాత్రయినా చూస్తారు. అమ్మానాన్నలకు ఎవరు, ఎలా చెప్పాలో రేపు వాడితోనే కూర్చుని తేల్చుకోండి.