అంతర్జాతీయ పోటీల ఖర్చులో కేంద్రం, రాష్ట్రం, నగరం ఎవరి వాటా ఎంత?

ఇంత శాతం అని అన్నిచోట్లా చెల్లే లెక్కేమీ లేదండీ, ప్రతిసారీ బేరమే. కొన్నేళ్ల క్రితం ఒక అంతర్జాతీయ క్రీడోత్సవం నిర్వహణ కమిటీలో అకౌంట్స్ చూసేవాణ్ణి. నన్నడిగితే శాతాల కన్నా ముందు చూడాల్సింది, ఖర్చు అంచనా దాటితే ఆ పైమొత్తం ఎవరి నెత్తిన పడుతుందని.

పోటీలు నడిపే ఖర్చు చాలావరకు టికెట్లు, స్పాన్సర్లు, టీవీ హక్కుల డబ్బుతో కమిటీయే చూసుకుంటుంది. స్టేడియాలు, రోడ్లు, మెట్రో లాంటి వాటి ఖర్చు ప్రభుత్వాలది. వాటికి డబ్బివ్వడానికి అందరూ ముందుకొస్తారు, శిలాఫలకం మీద పేరుంటుంది కదా. పోలీసుల ఓవర్‌టైమ్‌కి మాత్రం ఎవరూ రారు! మా దగ్గర అసలు టెన్షన్ అంతా దానితోనే, పోటీలు దగ్గరపడినా "అది మీ పరిధి" అంటే "కాదు మీదే" అని ఫైలు తిరుగుతూనే ఉండేది, బిల్లులేమో ఆగేవి కావు, చివరికి ఎక్కువ భారం మోసింది అందరికన్నా తక్కువ ఆదాయమున్న నగరపాలక సంస్థే. ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

2010 వాంకూవర్ శీతాకాల ఒలింపిక్స్‌లోనూ అంతే. వేదికల నిర్మాణానికి కెనడా కేంద్ర ప్రభుత్వం, బ్రిటిష్ కొలంబియా ప్రావిన్స్ చెరి 29 కోట్ల కెనడా డాలర్లు పెట్టుకున్నాయి. భద్రతకి మొదట 17.5 కోట్లు అనుకుంటే అది 90 కోట్ల దాకా పెరిగింది, దాంతో వాటాల మీద మళ్లీ కూర్చుని మాట్లాడుకోవాల్సి వచ్చింది. అంతకుముందు 1976 మాంట్రియల్‌లో అయితే లోటు వస్తే మాకు సంబంధం లేదని కేంద్రం ముందే తేల్చి చెప్పింది. ఆ అప్పు నగరం, క్యుబెక్ ప్రావిన్స్ మీద పడి, పొగాకు మీద ప్రత్యేక పన్ను వేసి తీర్చేసరికి 2006 అయింది.

లండన్ వాళ్లు కాస్త నయం. 2007లో 932.5 కోట్ల పౌండ్ల ప్యాకేజీ ప్రకటించినప్పుడే అందులో 270 కోట్లకు పైగా అనుకోని ఖర్చుల కోసం పక్కన పెట్టారు, లాటరీ నిధులూ లండన్ వాసుల పన్నూ కలిపి ఎవరెంత ఇవ్వాలో రాసుకున్నారు, 2012 పోటీలు ఆ ప్యాకేజీ లోపలే ముగిశాయి. 2028 లాస్ ఏంజెలెస్ ఒప్పందమూ స్పష్టంగానే ఉంది, నష్టం వస్తే మొదటి 27 కోట్ల డాలర్లు నగరం, తర్వాతి 27 కోట్లు కాలిఫోర్నియా రాష్ట్రం భరించాలి. ఆ పైన ఎంతైనా మళ్లీ నగరమే!

అందుకే ఏ నగరమైనా బిడ్ వేస్తోందని వింటే, ప్రకటించిన వాటాలు పక్కనపెట్టి హామీ పత్రం చదవండి. ఎవరి వాటాకి గరిష్ఠ పరిమితి రాశారు, ఎవరి వాటాకి రాయలేదు, భద్రత ఆ లెక్కలో ఉందా లేదా, పోటీలయ్యాక స్టేడియం నిర్వహణ ఎవరిది, ఇవి చూస్తే చాలు. పరిమితి లేని సంతకం ఎవరిదో, మిగిలిన బిల్లు కూడా వాళ్లదే.