కెమెరా అప్పుకు ముందు ఇంట్లో ఆరు నెలల ఖర్చు ఉండాలి

ప్రశ్న: నేను గచ్చిబౌలిలోని విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్‌లో ఎం.ఏ. మొదటి సంవత్సరం చదువుతున్నాను. కథాచిత్రాలు తీయడం నేర్చుకోవాలన్నది నా కోరిక. ముగ్గురు మిత్రులతో కలిసి 30 నిమిషాల లఘుచిత్రం తీయాలనుకుంటున్నాను. కెమెరా, లెన్సులు కొనడానికి నాన్న పేరిట 14 శాతం వడ్డీకి, మూడేళ్ల గడువుతో 3.5 లక్షల పర్సనల్ లోను, చిత్రీకరణ ఖర్చులకు అమ్మ బంగారం మీద 2 లక్షలు తీసుకోవాలని ఆలోచన. ఒక యాప్‌లో 20,000 అప్పు చేసి కెమెరాకు అడ్వాన్సు ఇచ్చాను. నాన్న బాలానగర్‌లో ప్రైవేటు ఉద్యోగి. జీతం 52,000, అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 38,000, బ్యాంకులో ఉన్నది 45,000. చిత్రాన్ని యూట్యూబ్‌లో పెట్టి, పోటీలకు పంపి అప్పు తీర్చాలనుకుంటున్నాను. ఈ రెండింటిలో ఏ లోను మేలు? – ఒక విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: రెండూ వద్దు. ఇంత సూటిగా చెప్పి ఊరుకోకుండా వివరంగా రాయడానికి కారణం ఉంది. సినిమా మీద ఇష్టంతో నా దగ్గరకు వచ్చే యువతీయువకులలో చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు. కష్టకాలానికి ఇంట్లో దాచినదేమీ లేకుండానే, తీర్చే దారి తెలియని అప్పుతో మొదటి చిత్రం మొదలుపెడుతున్నారు.

ముందుగా మీరు ఇచ్చిన అంకెలనే ఒక కాగితం మీద వేసి చూడండి. మూడున్నర లక్షల లోనుకు నెలసరి వాయిదా దాదాపు 11,960 రూపాయలు అవుతుంది. బంగారం మీద అప్పు రూపాయి వడ్డీకే దొరికిందనుకున్నా నెలకు 2,000 రూపాయలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. రెండూ కలిపితే 13,960. నాన్నగారి జీతంలో ఇంటి ఖర్చు పోగా మిగిలేది 14,000. అంటే ఈ రెండు అప్పులూ ఉన్నంతకాలం మీ ఇంట్లో నెలకు మిగిలేది 40 రూపాయలు! ప్రాసెసింగ్ రుసుము, యాప్ అప్పు ఈ లెక్కలోకి ఇంకా రానే లేదు. ఈ స్థితిలో ఒక్క నెల జీతం ఆలస్యమైనా వాయిదా తప్పుతుంది, నాన్నగారి క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది, గడువులోగా విడిపించకపోతే అమ్మగారి నగలు వేలానికి వెళతాయి. మీరు తీయబోయే చిత్రానికీ ఈ ఇద్దరి కష్టార్జితానికీ ఇంత ప్రమాదకరమైన ముడి వేయడానికి నేను ఎంతమాత్రం ఒప్పుకోను.

ప్రతి ఇంటికీ చెప్పే మాటే మీకూ చెబుతున్నాను: ముందు అత్యవసర నిధి, అంటే జీతం ఆగినా ఇల్లు నడవడానికి పక్కన పెట్టిన డబ్బు, ఆ తరువాతే ఏదైనా. మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు 2,28,000 రూపాయలు. మీ దగ్గర ఉన్న 45,000 నెలన్నర కూడా నడవదు. పైగా మీరు అడుగుపెట్టాలనుకుంటున్న రంగంలో పని ఎప్పుడు ఆగిపోతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో చిత్రీకరణలన్నీ నిలిచిపోయాయి. 2022 ఆగస్టు 1 నుంచి తెలుగు నిర్మాతలే చిత్రీకరణలు ఆపివేశారు. 2025 ఆగస్టులో వేతనాల పెంపు కోరుతూ సినీ కార్మికులు సమ్మెకు దిగడంతో మళ్లీ పని ఆగింది. అలాంటి వారాలలో అద్దె కట్టగలిగినవారు తమ పనిలోనే నిలబడ్డారు, కట్టలేనివారిలో కొందరు ఊళ్లకు తిరిగి వెళ్లారు, కొందరు చేతికందిన వేరే పనికి మళ్లారు. కనుక నెలజీతం లేని వృత్తిని ఎంచుకునేవారికి నేను ఆరు నెలల ఖర్చు చాలదంటాను, తొమ్మిది నెలలది ఉంచుకోమంటాను. దర్శకుడు కావాలనుకునేవారికి ఈ నిధి కెమెరా కన్నా ముందు కావలసిన పనిముట్టు.

ఇక రాబడి సంగతి. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయానికి అర్హత రావాలంటే 1,000 మంది చందాదారులు, 12 నెలలలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. మీ 30 నిమిషాల చిత్రాన్ని 8,000 సార్లు మొదటి నుంచి చివరి వరకు చూస్తే ఆ 4,000 గంటలు పూర్తవుతాయి. అదీ అర్హతకే, వాయిదాకు సరిపడే ఆదాయానికి కాదు. పోటీలలో బహుమతి రావచ్చు, రాకపోవచ్చు, పైగా చాలా పోటీలకు ప్రవేశ రుసుము మనమే కట్టాలి. వాయిదా మాత్రం ప్రతి నెలా చెప్పిన తేదీకి వచ్చి తీరుతుంది.

నేర్చుకోవడానికి ఇంత ఖర్చు అవసరమా అన్నది అసలు ప్రశ్న. కథాచిత్రంలో కష్టమైన పనులు సన్నివేశం రాయడం, నటులను ఎక్కడ నిలబెట్టాలో నిర్ణయించడం, వారి చేత చేయించడం, ఒక షాట్‌కూ తరువాతి షాట్‌కూ కంటిన్యుటీ (దుస్తులు, వస్తువులు, కదలికలు ఒకదానితో ఒకటి సరిపోవడం) తప్పకుండా చూసుకోవడం. ఇవి తీసిన కొద్దీ వస్తాయి. ఒక గది, ఇద్దరు నటులు, పగటి వెలుతురు, ఐదు నిమిషాల కథ పెట్టుకుని ఫోన్‌తో ఆరుసార్లు తీసినవారు, అప్పు భయంతో ఒకేసారి 30 నిమిషాలు తీసినవారి కన్నా ఎక్కువ నేర్చుకుంటారని నా దృఢమైన నమ్మకం. అప్పు మెడ మీద ఉన్నప్పుడు సరిగా రాని సన్నివేశాన్ని మళ్లీ తీద్దామని దర్శకుడే అడగలేడు. నేర్చుకునే చోట అంతకన్నా పెద్ద నష్టం లేదు. పెట్టదలచిన కొద్ది డబ్బును ఒక మంచి మైకు మీద పెట్టండి, ఎందుకంటే బొమ్మ కాస్త మసకగా ఉన్నా ప్రేక్షకులు సహిస్తారు గాని మాట వినపడకపోతే చూడటం మానేస్తారు. ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఈ స్థాయికి చాలు. మీరు చదివేది హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయమే అయితే సరోజినీ నాయుడు స్కూల్‌లో మీ విభాగంతో పాటు రంగస్థల కళల విభాగమూ ఉంది. నటించాలన్న ఆసక్తి గల విద్యార్థులు పక్క గదులలోనే ఉన్నారన్నమాట. విభాగం పరికరాలను విద్యార్థుల చిత్రాలకు ఎప్పుడు, ఏ షరతులతో ఇస్తారో అధ్యాపకులను అడగండి. మంచి కెమెరా నిజంగా అవసరమైన రోజున కృష్ణానగర్, ఫిలింనగర్ ప్రాంతాలలో రోజు అద్దెకు తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు చేయవలసిన పని. బ్యాంకులోని డబ్బుతో యాప్ అప్పును ఈ వారమే తీర్చివేయండి, అప్పు ముగిసినట్టు లిఖితపూర్వకంగా తీసుకోండి. ఫోన్‌లోని పరిచయాల జాబితాను అప్పు యాప్‌లు తీసుకోరాదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, మీ యాప్‌కు ఆ అనుమతి ఇచ్చి ఉంటే దాన్ని వెంటనే రద్దు చేయండి. యాప్ అప్పు అసలు 20,000 పోతే బ్యాంకులో సుమారు 25,000 మిగులుతుంది. నాన్నగారు ఒప్పుకుంటే నెలనెలా మిగిలే 14,000లో 10,000 అత్యవసర నిధికి పంపండి, దాదాపు 21 నెలలలో 2,28,000 పూర్తవుతుంది. మిగిలిన 4,000 మీ చిత్రాలది. మూడు నెలలు దాస్తే 12,000 అవుతుంది, ఒక రోజు కెమెరా అద్దె, భోజనాలు, ఆటో ఖర్చులు ఆ పరిమితిలోనే పెట్టుకుని కథ రాయండి. సెలవులలో పెళ్లి వీడియోలకు సహాయకుడిగా వెళితే వచ్చేది కూడా ఇందులోనే కలపండి.

నాన్నగారికి టర్మ్ పాలసీ (ఆయనకు ఏమైనా అయితే ఇంటికి డబ్బు వచ్చే జీవిత బీమా), ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా లేకపోతే ఈ నెలలోనే చూడండి. విద్యారుణం ఏదైనా ఉంటే దాన్ని చిత్రానికి కాక కోర్సు రుసుముకే వాడండి. మిత్రులు డబ్బు పెడితే ఎవరు ఎంత పెట్టారో కాగితం మీద రాసుకోండి.

అమ్మగారి బంగారం ఇంకా ఇంట్లోనే ఉంది కదా, అక్కడే ఉండనివ్వండి. యాప్ అప్పు తీర్చగానే దుకాణానికి వెళ్లి, కెమెరా కొనడం లేదని చెప్పి, ఇచ్చిన అడ్వాన్సులో ఎంత తిరిగి వస్తుందో కనుక్కోండి. వచ్చినదాన్ని నేరుగా అత్యవసర నిధి ఖాతాలో వేయండి.