మీరడిగారు: ఈసారి మొత్తం మారిషస్

హిందూ మహాసముద్రంలోని దీవుల గురించి ఆమధ్య ఈ శీర్షికలో నాలుగు మాటలు రాసినప్పటి నుంచి మారిషస్ గురించి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కటిగా సంచికకొకటి చెప్పేకంటే అన్నీ ఒకేసారి తీసుకుంటున్నాను.

ఫొటోల్లో బీచ్‌లు, రిసార్టులు తప్ప ఇంకేమీ కనపడవు. అసలు ఈ దేశం ఎక్కడుంది, ఎంత ఉంటుంది?

మడగాస్కర్‌కి తూర్పున, మకర రేఖకి కాస్త ఉత్తరంగా ఉంటుందండీ. ప్రధాన దీవి 1,865 చదరపు కిలోమీటర్లు, అంటే మన చిన్న జిల్లా ఒకటంత. దానికి తూర్పున 560 కిలోమీటర్ల అవతల రోడ్రిగ్స్ దీవి, ఉత్తరాన అగలేగా, సెయింట్ బ్రాండన్ అనే చిన్న దీవులు కూడా ఈ దేశానివే. నేల ఇంతే గానీ సముద్రంలో వాళ్లకి హక్కున్న ప్రాంతం సుమారు 23 లక్షల చదరపు కిలోమీటర్లు. జనం పన్నెండు లక్షల పైచిలుకు, అందుకే ఆఫ్రికా దేశాల్లో జనసాంద్రత అన్నిటికంటే ఎక్కువ ఇక్కడే.

ఇది అగ్నిపర్వతాల వల్ల పుట్టిన దీవి. తీరం చుట్టూ దాదాపు అంతటా పగడపు దిబ్బలున్నాయి, పెద్ద అలలు వాటి దగ్గరే విరిగిపోతాయి కాబట్టి ఒడ్డున నీళ్లు అంత ప్రశాంతంగా ఉంటాయి. మీరు ఫొటోల్లో చూసేది ఆ భాగమే. లోపలికి వెళ్తే చెరకు తోటలు, వాటి మధ్యలో అక్కడక్కడా నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తాయి. అవి కొండలు కావు, చెరకు వేయడానికి పొలాల్లోంచి మనుషులు చేతులతో ఏరి పోసిన రాళ్లు. మొదట బానిసలు, తర్వాత కూలీలు. మారిషస్ వెళ్లినవాళ్లు బీచ్‌లో దిగిన ఫొటోలతో పాటు ఆ గుట్టల దగ్గర కూడా ఒక్క నిమిషం ఆగి చూడాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

జనవరిలో వెళ్దామనుకుంటున్నాం. వాతావరణం ఎలా ఉంటుంది?

వేసవి. భూమధ్యరేఖకి దక్షిణాన ఉంది కాబట్టి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎండలు, వానలు, తుఫాన్లు. తుఫాను హెచ్చరికలు ఒకటి నుంచి నాలుగు వరకు ఉంటాయి, మూడో నంబరు వచ్చిందంటే ఇక హోటల్ దాటి బయటికి రాకూడదు, నాలుగు అంటే గంటకి 120 కిలోమీటర్ల గాలులు అప్పటికే మొదలైపోయాయని అర్థం. 1960లో వచ్చిన కేరొల్ తుఫాను వేలాది ఇళ్లని నేలమట్టం చేసింది, ఆ తర్వాతే అక్కడ రేకుల ఇళ్ల స్థానంలో కాంక్రీటు ఇళ్లు బాగా పెరిగాయి. 2024 జనవరిలో బెలాల్ తుఫానుకి రాజధాని పోర్ట్ లూయిస్ వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి. వీలైతే మే నుంచి అక్టోబరు లోపు పెట్టుకోండి.

అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవట కదా! మనవాళ్లు అంతమంది ఉన్నారా? అంటే అది ఒక చిన్న భారతదేశం అనుకోవచ్చా?

సెలవు నిజమే. మన తెలుగువాళ్లు మాత్రం అంతమంది లేరు, జనాభాలో చిన్న భాగమే. అయినా ఉగాదికి సెలవుంది, తమిళుల కావడికి ఉంది, చైనీయుల వసంత పండగకి ఉంది, రంజాన్‌కి, క్రిస్మస్‌కి, దీపావళికి ఉంది.

మనవాళ్లు ఎలా వెళ్లారంటే, 1835లో బ్రిటిష్‌వాళ్లు అక్కడ బానిసత్వాన్ని రద్దు చేశారు. చెరకు తోటల యజమానులకి కూలీలు కావలసి వచ్చింది. రద్దుకి ఏడాది ముందే, 1834లో, మొదలుపెట్టి 1920ల వరకు సుమారు నాలుగున్నర లక్షల మందిని ఒప్పందపు కూలీలుగా భారతదేశం నుంచి తీసుకెళ్లారు. ఎక్కువమంది బీహార్ ప్రాంతంవాళ్లు. తెలుగువాళ్లు కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి, మద్రాసు నుంచి ఓడలెక్కారు. పోర్ట్ లూయిస్‌లో వాళ్లు దిగిన చోటు పేరు ఆప్రవాసీ ఘాట్, 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఇప్పటి తెలుగువాళ్లలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది అక్కడి క్రియోల్ భాష. అయినా బడుల్లో తెలుగు ఐచ్ఛిక భాషగా చెప్తారు, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా అక్కడే.

కానీ చిన్న భారతదేశం అనే మాట నాకు నచ్చదండీ. మన పత్రికలు, టీవీలు అలవాటుగా అంటుంటాయి. ఆ దీవిలో మన కూలీల కంటే ముందు వందేళ్లకు పైగా చాకిరీ చేసినవాళ్లు ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి పట్టి తెచ్చిన బానిసలు. తప్పించుకున్నవాళ్లు లె మోర్న్ అనే కొండ మీద దాక్కున్నారు, ఆ కొండకి కూడా 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దేశమంతా మాట్లాడుకునే క్రియోల్ భాష ఆ బానిసల నోట పుట్టిందే. వాళ్ల వారసులైన క్రియోల్ ప్రజలు మాకు రావలసింది రాలేదని ఈనాటికీ అంటున్నారు, అందులో న్యాయముంది. 1999 ఫిబ్రవరిలో కాయా అనే క్రియోల్ గాయకుడు పోలీసు కస్టడీలో చనిపోయినప్పుడు రోజుల తరబడి అల్లర్లు జరిగాయి. కాబట్టి ఆ దేశాన్ని మన దేశానికి నకలుగా చూస్తే అక్కడున్న సగం కథ మనకి కనపడదు.

ప్రెసిడెంట్, ప్రధాని ఇద్దరూ ఉన్నారు. అధికారం ఎవరిది? ఓడిపోయినవాళ్లకి కూడా సీట్లిస్తారని విన్నాను, ఇదేం పద్ధతి?

అధికారం ప్రధానిదే. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది, సరిగ్గా 24 ఏళ్లకి 1992లో అదే తేదీన రిపబ్లిక్ అయింది. ప్రెసిడెంట్‌ని అసెంబ్లీ, అంటే వాళ్ల పార్లమెంటు, ఎన్నుకుంటుంది, పదవి దాదాపు మన రాష్ట్రపతి పదవి లాంటిదే. విచిత్రం ఏంటంటే రిపబ్లిక్ అయినా చివరి అప్పీలు ఇప్పటికీ లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ అనే బ్రిటిష్ న్యాయపీఠానికే వెళ్తుంది.

ఇక ఎన్నికలు. ప్రధాన దీవిలో 20 నియోజకవర్గాలు, ఒక్కోదాని నుంచి ముగ్గురు. ఓటరు మూడు ఓట్లూ వేయాలి. రోడ్రిగ్స్ నుంచి ఇద్దరు. మొత్తం 62. ఈ పద్ధతిలో గాలి ఒకవైపు వీచిందంటే అంతా ఊడ్చుకుపోతుంది. 1982లో, 1995లో, మళ్లీ 2024 నవంబరులో ప్రధాన దీవిలోని 60 సీట్లూ ఒకే కూటమికి వెళ్లాయి. 2024లో అలా గెలిచే నవీన్ రామ్‌గులామ్ మళ్లీ ప్రధాని అయ్యారు, మొదటి ప్రధాని సీవూసాగర్ రామ్‌గులామ్ కొడుకాయన.

మీరు విన్నది బెస్ట్ లూజర్ పద్ధతి గురించి. ఎన్నికైన 62 మంది కాకుండా ఇంకో ఎనిమిది మంది దాకా అసెంబ్లీలోకి రావచ్చు, వాళ్లంతా ఓడిపోయినవాళ్లే. జనాభాలో ఉన్న వాటా కంటే అసెంబ్లీలో తక్కువమంది ఉన్న వర్గం ఏదో లెక్కగట్టి, ఆ వర్గంలో ఓడినవాళ్లలో ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నవాళ్లకి ఆ సీటు ఇస్తారు. మొదటి నాలుగు సీట్లకి పార్టీ చూడరు. తర్వాతి నాలుగు, ఆ మొదటి నాలుగింటి వల్ల పార్టీల బలాబలాలు తారుమారు కాకుండా సర్దుతారు.

ఎందుకింత తంటా అంటే, 1967 ఎన్నికల్లో సుమారు 44 శాతం ఓట్లు స్వాతంత్ర్యం వద్దన్న పక్షానికి పడ్డాయి. హిందువుల ఆధిపత్యం వస్తుందేమోనని మిగతావాళ్లకి భయం. స్వాతంత్ర్యానికి రెండు నెలల ముందు పోర్ట్ లూయిస్‌లో మతకలహాలు జరిగాయి. ఆ టెన్షన్‌లో చిన్న వర్గాలకి ఒక భరోసా కావాలి, ఈ ఎనిమిది సీట్లు ఆ భరోసా. ఆనాడు అది మంచి పనేనని నేననుకుంటాను.

ఇప్పుడు చిక్కు ఎక్కడంటే, రాజ్యాంగం గుర్తించే వర్గాలు నాలుగే: హిందువులు, ముస్లింలు, చైనా మూలాలవాళ్లు, ఈ మూడింటిలోకీ రానివాళ్లందరూ కలిపి సాధారణ జనాభా. తెలుగు, తమిళ, మరాఠీ హిందువులు కూడా హిందువుల కిందే లెక్క. సాధారణ జనాభాలో బానిసల వారసులూ ఉంటారు, ఆ బానిసల్ని కొనుక్కున్న ఫ్రెంచి తోటల యజమానుల వారసులూ ఉంటారు! ఒక చక్కెర మిల్లు యజమాని గెలిస్తే మురికివాడలోని క్రియోల్ కుటుంబానికి ప్రతినిధి దొరికినట్టే లెక్క. ఇది నాకు అన్యాయంగా కనిపిస్తుంది. పైగా 1982 తర్వాత జనాభా లెక్కల్లో వర్గం అడగడం మానేశారు కాబట్టి ఈ సీట్లకి ఆధారం ఇప్పటికీ 1972 లెక్కలే. నామినేషన్‌లో చెప్పాల్సిన తమ వర్గాన్ని చెప్పం అన్న అభ్యర్థుల నామినేషన్లు తిరస్కరించడం తప్పని 2012లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ కూడా తేల్చింది. దామాషా పద్ధతిలో, అంటే పార్టీలకి వచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి, కొన్ని సీట్లు పెట్టి దీన్ని తీసేద్దామని ఏళ్లుగా చర్చ సాగుతోంది. అలా చేస్తేనే మంచిది, కానీ ఆ కొత్త సీట్లు చేతికి రాకముందే పాతవి తీసేస్తే మాత్రం చిన్న వర్గాలు ఒప్పుకోవు, ఒప్పుకోనక్కర్లేదు కూడా.

సైన్యం ఎంత ఉంది?

సైన్యం లేదు. పోలీసు శాఖలోనే స్పెషల్ మొబైల్ ఫోర్స్ అనే విభాగం, కోస్ట్ గార్డ్ ఉన్నాయి.

వార్తల్లో చాగోస్ దీవుల గొడవ వస్తోంది. అది వీళ్లదేనా?

వీళ్లదే. స్వాతంత్ర్యం ఇవ్వడానికి మూడేళ్ల ముందు, 1965లో, బ్రిటన్ చాగోస్‌ని మారిషస్ నుంచి విడదీసి తన దగ్గర పెట్టుకుంది. అందులోని డీగో గార్సియాని అమెరికా సైనిక స్థావరానికి ఇచ్చి, అక్కడి జనాన్ని 1973 కల్లా ఖాళీ చేయించింది. పంపేసినవాళ్లలో చాలామంది పోర్ట్ లూయిస్ పేదవాడల్లో చేరారు. ఆ విడదీయడం చట్టబద్ధం కాదని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. 2025 మే 22న రెండు దేశాలూ ఒప్పందం మీద సంతకాలు చేశాయి: దీవుల మీద హక్కు మారిషస్‌కి, డీగో గార్సియా మాత్రం 99 ఏళ్లు బ్రిటన్‌కి లీజు. మిగతా దీవుల్లో మారిషస్ జనాన్ని మళ్లీ స్థిరపరచుకోవచ్చు. ఇళ్లు పోగొట్టుకున్న చాగోస్‌వాళ్లలో కొందరు దీన్ని స్వాగతించారు, మమ్మల్ని అడక్కుండా మా గురించి ఎలా రాసుకుంటారని చాలామంది నిలదీస్తున్నారు. వాళ్లు అడిగేదే సరైన ప్రశ్న అని నా ఉద్దేశం.